ఆరు టిక్కీల బండి

(మోటార్‌సైకిల్ ప్రయాణాలంటే ఇష్టపడేవాళ్లు ఒక ఆదివారం ఉదయం విజయవాడలో కలుసుకున్నప్పుడు, గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం.

పొద్దున ఆరింటికి గుంటూరులో బయలుదేరాను. కాజ టోల్‌గేట్ దాటేసరికి మంగళగిరి కొండ మీద ఎండ పడుతోంది. వారధి ఎక్కేసరికి కృష్ణ మీద మంచు ఇంకా విడలేదు. ముప్పై అయిదు కిలోమీటర్ల దారి. వేలసార్లు వచ్చిన దారే, అయినా బండి మీద వస్తే ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది నాకు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

నన్ను పెద్ద అడ్వెంచర్ టూరింగ్ బళ్ల గురించి మాట్లాడమన్నారు. తారు రోడ్డు మీదా, మట్టిదారిలోనూ దూరప్రయాణాల కోసం చేసిన ఎత్తైన బళ్లు. వెయ్యి సీసీ, పన్నెండు వందల సీసీ, ఆ తరగతి. అలాంటి బండి ఒకటి నేను నాలుగున్నరేళ్లు నడిపాను. అరవై వేల కిలోమీటర్లు తిరిగాను. కిందటేడు అమ్మేశాను. అది ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే నేను చెప్పేవి ఆ తరగతిలో ఏ బండికైనా వర్తించే మాటలే. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న తమ్ముళ్లలో కొందరు అలాంటి బండి కొనాలని డబ్బు కూడబెడుతున్నారని తెలిసి, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలని వచ్చాను.

నేను మిర్చి యార్డులో పెరిగినవాణ్ని. మాకు బరువు అంటే టిక్కీ, అంటే మిర్చి బస్తా. ఒక్కో టిక్కీ నలభై నుంచి నలభై అయిదు కిలోలుంటుంది. పెట్రోలు నింపిన పెద్ద అడ్వెంచర్ బండి ఆరు టిక్కీలు. దాని మీద పెట్టెలు తగిలించి, సామాను వేసి, మనం కూర్చుని, వెనక ఇంటావిడను కూర్చోబెట్టుకుంటే పది టిక్కీలకు దగ్గర పడుతుంది. ఈ లెక్క నాకు బండి కొన్న రోజున తట్టలేదు. షోరూంలో సెంటర్ స్టాండ్ మీద నిలబడి ఉన్న బండికి బరువు ఉన్నట్టే అనిపించదు.

మొదట ఈ బళ్లు ఎలా పుట్టాయో రెండు ముక్కలు చెబుతాను. 1978 డిసెంబరు చివర్లో పారిస్ నుంచి ఆఫ్రికాలోని డాకర్‌కు మొదటి ర్యాలీ, అంటే వాహనాల దూరప్రయాణ పందెం, బయలుదేరింది. మొదటి రెండుసార్లూ మోటార్‌సైకిళ్లలో గెలిచింది యమహా ఎక్స్‌టీ 500. ఒకటే సిలిండర్, తేలికపాటి బండి. 1980లో బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ అనే బండిని తెచ్చింది. 797 సీసీ, రెండు సిలిండర్లు, వెనక చక్రాన్ని తిప్పడానికి చైన్ బదులు షాఫ్ట్, అంటే తిరిగే ఇనుప కడ్డీ. జర్మన్ భాషలో ‘జీ’ అంటే రోడ్డు లేని నేల, ‘ఎస్’ అంటే రోడ్డు. రెండింటి మీదా నడిచే బండి అని దాని పేరులోనే ఉంది. దాని నుంచి తయారైన ర్యాలీ బళ్లు 1981లో, ఆ తర్వాత 83, 84, 85లో వరసగా డాకర్ గెలిచాయి. హోండా 1988లో ఆఫ్రికా ట్విన్ తెచ్చింది. అలా ఈ వంశం పెరిగింది.

ఆ మొదటి జీ/ఎస్ బరువు పెట్రోలుతో కలిపి 190 కిలోల లోపే. శక్తి 50 హార్స్‌పవర్. ఇవాళ్టి ఆర్ 1300 జీఎస్‌కు 145 హార్స్‌పవర్, 237 కిలోలు. ముప్పై లీటర్ల ట్యాంకున్న దాని అడ్వెంచర్ రకం 269 కిలోలు. నలభై ఏళ్లలో దాదాపు రెండు టిక్కీల బరువు అదనంగా వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చింది? మనమే అడిగాం. పెద్ద ట్యాంకు కావాలన్నాం, ముందు గాలిని ఆపే పెద్ద అద్దం కావాలన్నాం, ఇద్దరికి సుఖమైన సీటు, వేడి చేసే గ్రిప్పులు, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, వేగాన్ని తనే నిలిపే క్రూయిజ్ కంట్రోల్, రంగుల తెర అన్నాం. వాళ్లు ఇచ్చారు. ఒక్కొక్కటీ అవసరమే అనిపిస్తుంది. అన్నీ కలిసి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు మాత్రం మన రెండు కాళ్ల మీద పడతాయి.

అయితే ఈ బళ్లలో ఏముందని జనం ఇంతగా మోజుపడుతున్నారు? అది ముందు చెప్పాలి. చెప్పకపోతే నేను ఆ బండికి అన్యాయం చేసినవాణ్ని అవుతాను.

అంతకుముందు నా దగ్గర బుల్లెట్ ఉండేది. అదంటే నాకు ప్రాణం. కానీ మూడు వందల కిలోమీటర్లు దాటితే వేళ్లు తిమ్మిరెక్కేవి, నడుము పట్టేసేది. పెద్ద బండి తీసుకున్న నెలకు గుంటూరు నుంచి అరకు వెళ్లాను. ఐదు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, రాజమండ్రి దాటాక టిఫిన్ చేసి, సాయంత్రం అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నాకు అలసటే లేదు. దిగి నిలబడి, ఇంకో వంద కిలోమీటర్లు వెళ్లగలను అనుకున్నాను. ఆ మాట అనుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఎందుకలా అంటే, కూర్చునే పద్ధతిలో ఉంది కీలకం. స్పోర్ట్స్ బండి మీద లాగా ముందుకు వంగక్కర్లేదు, క్రూయిజర్ మీద లాగా కాళ్లు చాపి వెన్నెముక మీద బరువంతా వెయ్యక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా ఉంటాం. హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి అంత బరువూ వేలితో తోసినంత సులువుగా మలుపు తిరుగుతుంది. షాక్‌అబ్జార్బర్ల కదలిక 200 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, అంటే జానెడుకు కాస్త తక్కువ. మన వైపు హైవేల మీద బ్రిడ్జి మొదలయ్యే చోట, ముగిసే చోట ఒక మెట్టు ఉంటుంది చూడండి. బుల్లెట్ మీద అది వెన్నులో దిగేది. దీని మీద తెలియనే తెలియదు. ముందు చక్రం 19 అంగుళాలో, 21 అంగుళాలో ఉండటం వల్ల గుంతలో పడినా దిగబడకుండా దాటిపోతుంది.

ఎత్తు ఇంకొకటి. కార్ల పైకప్పుల మీదుగా ముందున్న నాలుగు బళ్ల అవతల ఏముందో కనిపిస్తుంది. మన హైవేల మీద అది ప్రాణం కాపాడే విషయం. ఎదురు దారిలో వచ్చే ట్రాక్టర్, రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న, దాని చుట్టూ పెట్టిన రాళ్లు, డివైడర్ సందులోంచి నడిచొచ్చే గేదె, ఇవన్నీ ఒక్క క్షణం ముందు కనిపిస్తే చాలు.

ఎలక్ట్రానిక్స్ గురించి కూడా నిజం చెప్పాలి. కొత్త పెద్ద బళ్లలో బండి ఎంత వంగి ఉందో కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. మలుపులో వంగి ఉండగా బ్రేకు వేసినా, ఆ వంపును బట్టి ఏబీఎస్ పట్టు సరిచేస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపులో లారీ ఒలకబోసిన కంకర నా ముందుకొచ్చింది. వెనక మా ఆవిడ ఉంది. బ్రేకు పట్టాను. బండి కాస్త జారి మళ్లీ తనంతట తనే సర్దుకుంది. నా నైపుణ్యం అక్కడ ఏమీ లేదు. ఆ రోజు మల్లన్న దర్శనం చేసుకుంటున్నప్పుడు ఆ సెన్సర్ తయారుచేసినవాళ్లకు కూడా దండం పెట్టుకున్నాను.

మా ఆవిడ మాట కూడా చెప్పాలి. బుల్లెట్ మీద ఆవిడ తెనాలి దాటి వచ్చేది కాదు. పెద్ద బండి వచ్చాక హంపి వచ్చింది, కన్యాకుమారి వచ్చింది. వెనక పెట్టెకు ఆనుకుని, దారంతా పొలాలు చూస్తూ కూర్చునేది. పెళ్లయిన పాతికేళ్లలో మేమిద్దరం అంతసేపు ఒకే వైపు చూస్తూ కూర్చున్నది ఆ బండి మీదే. ఇద్దరు కలిసి, సామానుతో, తారు రోడ్డు మీద రోజుల తరబడి వెళ్లాలంటే దానికి మించిన బండి లేదు. అది నేను ఎక్కడైనా చెబుతాను.

ఇక రెండో వైపు.

అమరావతి ప్రాంతంలో తుళ్లూరు అవతల ఒక ఊళ్లో మా చుట్టాల పొలం ఉంది. శ్రావణమాసం. ముందురోజు రాత్రి వాన పడింది, పొద్దున్నే ఎండ కాసింది. పుంత దారి చూస్తే ఆరినట్టే ఉంది. అడ్వెంచర్ బండి కదా, దీనికోసమే కదా చేసింది అని దింపాను. వంద గజాలు వెళ్లానో లేదో ముందు చక్రం ఆగిపోయింది. బ్రేకు వెయ్యలేదు. నల్లరేగడి మట్టి టైరుకు చుట్టుకుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నిండిపోయి, చక్రాన్ని తిరగనివ్వకుండా బిగించేసింది. రోడ్డు కోసం చేసిన మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉంటుంది, అక్కడ మట్టి పోవడానికి దారి లేదు. బండి మెల్లగా ఎడమ వైపు ఒరిగింది. నేను కాలు వేశాను. కాలు మోకాలి దాకా దిగింది. పట్టుకోగలిగినంతసేపు పట్టుకున్నాను. ఆరు టిక్కీలు మెల్లగా నా చేతుల్లోంచి జారిపోయాయి.

రెండు గంటలు అక్కడే ఉన్నాను. ఎండు కర్రతో మట్టి గీకుతున్నాను, మళ్లీ అంటుకుంటోంది. ఒక పెద్దాయన పొలం నుంచి వచ్చారు. ఇద్దరం కలిసి ఎత్తలేకపోయాం. ఆయన వెళ్లి ఇంకో ముగ్గురిని తీసుకొచ్చారు. బండి లేచాక, ఒళ్లంతా మట్టితో నిలబడి ఉంటే ఆయన నన్ను అడిగారు.

“ఈ నేల తడిస్తే ఎద్దుకే కాలు తీసి వెయ్యడం కష్టం బాబూ. నువ్వింత బరువు ఎందుకు తెచ్చావు?”

ఎగతాళి కాదు అది. నిజంగా తెలుసుకుందామని అడిగారు. నాకు జవాబు రాలేదు. మేం మాట్లాడుతుండగానే ఒకతను టీవీఎస్ ఎక్స్ఎల్ మీద ఎరువు బస్తా వేసుకుని, గట్టు పక్కన గడ్డి మీదుగా, దిగబడిన చోట కాళ్లతో తోసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ బండి తొంభై కిలోలు కూడా ఉండదు.

ఆ రోజు తర్వాత నాలో ఒక మార్పు వచ్చింది. చాలా నెలలు దాన్ని నేను గమనించలేదు. మట్టిరోడ్డు కనిపిస్తే, అది ఎక్కడికి వెళ్తుంది అని కాకుండా, బండి వెనక్కి తిప్పుకోవడానికి చోటుందా అని చూడటం మొదలుపెట్టాను. మారేడుమిల్లిలో ఒక వాగు పక్కగా అడవిలోకి వెళ్లే దారి చూసి, ఒంటరిగా ఉన్నాను కాబట్టి ఆగి, ఫోటో తీసుకుని వచ్చేశాను. పాపికొండల వైపు ఒక ఊరు చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది, చివరి ఆరు కిలోమీటర్లు రాళ్లదారి అని తెలిసి మానుకున్నాను. బుల్లెట్ మీద ఉన్నప్పుడు ఇంతకన్నా కష్టమైన దారుల్లోకి ఆలోచించకుండా దింపేవాణ్ని. ఎక్కడికైనా వెళ్లగలదని కొన్న బండి, నన్ను హైవేకు కట్టేసింది. నాకు దీని మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే. మిగతావి ఖర్చులు, అసౌకర్యాలు, భరించవచ్చు. ఇది మాత్రం నేను ప్రయాణం ఎందుకు మొదలుపెట్టానో దాన్నే తినేసింది.

మరి హైవే మీద ఏం చేస్తాం? 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద మోటార్‌సైకిల్‌కు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 145 హార్స్‌పవర్ బండి ఎనభైలో నిద్రపోతున్నట్టు ఉంటుంది. మనకు తెలియకుండానే నూట ఇరవై చూపిస్తుంది. నూట ఇరవై అని అనిపించదు, అదే ప్రమాదం. ఎనభై నుంచి వందకు పెంచితే వేగం పెరిగింది నాలుగో వంతే అనుకుంటాం. కానీ బ్రేకులు ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నూట ఇరవైకి రెండుంపావు రెట్లు. పది టిక్కీల బరువు అది. చిలకలూరిపేట దగ్గర ఒక తెల్లవారుజామున ఆ లెక్క నాకు కళ్లముందు కనిపించింది. ఇంకా కొత్త ఎక్స్‌ప్రెస్‌వేలు కొన్ని మనల్ని రానివ్వవు. బెంగళూరు–మైసూరు ప్రధాన రహదారి మీద 2023 ఆగస్టు నుంచి టూవీలర్లకు ప్రవేశం లేదు. అంటే ఈ బండి ఏ రోడ్ల మీద సుఖంగా ఉంటుందో ఆ రోడ్లు రానురాను మనకు మూసుకుపోతున్నాయి.

ఎత్తు గురించి ఇందాక మంచి చెప్పాను. చెడు కూడా ఉంది. ఈ బళ్ల సీటు నేల నుంచి 850 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. నాకు రెండు వైపులా మునివేళ్లే అందేవి. బండి వేగంగా వెళ్తున్నప్పుడు పడదు. ఆగినప్పుడు పడుతుంది. రోడ్డు ఒక వైపు వాలి ఉన్న చోట, కాలు వేసిన చోట చిన్న గుంత ఉన్నా చాలు. కొండవీడు ఘాట్ రోడ్డు పైన బండి ఆపుతూ ఎడమ కాలు వేశాను, కింద నేల లేదు. పెట్టె కింద చీలమండ ఇరుక్కుంది. క్రాష్ గార్డు, పెట్టె కలిసి మధ్యలో ఖాళీ వదిలాయి కాబట్టి ఎముక విరగలేదు. ఆరు వారాలు కుంటుతూ నడిచాను.

బెజవాడ ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే, రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలుపెట్టి వేడిగాలి మోకాళ్ల మీదకు కొడుతుంది. పైన రైడింగ్ జాకెట్, కింద బూట్లు. తలనొప్పి, ఒళ్లు తూలడం వస్తే అది వడదెబ్బ మొదలైనట్టు, వెంటనే నీడకు వెళ్లండి. పంతం పట్టకండి. పెద్ద బండి మీద ట్రాఫిక్‌లో సందు చూసుకుని వెళ్లలేం. అల్యూమినియం పెట్టెలు తగిలిస్తే వెడల్పు మీటరు దాకా వస్తుంది. కొన్ని టోల్‌గేట్ల దగ్గర ఎడమ చివర టూవీలర్లకు వదిలే సందులో కూడా పట్టదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆర్ 1300 జీఎస్ మన దేశంలో 2024లో షోరూం ధర 20 లక్షల 95 వేలతో వచ్చింది. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పెట్టెలు, గార్డులు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతం. నా బండికి రెండు టైర్లు మార్చిన ప్రతిసారీ ఒక సెకండ్‌హ్యాండ్ స్కూటర్ కొనగలిగినంత అయ్యేది.

కానీ డబ్బు కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. నేనూ, స్నేహితుడూ చిత్రకోట్ జలపాతం చూడాలని తిరువూరు, భద్రాచలం, చింతూరు మీదుగా జగదల్‌పూర్ దారి పట్టాం. అతనిది రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల పాత 411 సీసీ హిమాలయన్. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో కుంట అనే ఊరి దగ్గర అతని క్లచ్ కేబుల్ తెగింది. రోడ్డు పక్క షాపులో కుర్రవాడు అరగంటలో వేశాడు. మర్నాడు సుక్మా దాటాక నా బండి తెర మీద ఎర్రలైటు వెలిగింది, ఇంజిన్ ఆగింది, మళ్లీ స్టార్ట్ కాలేదు. ఏం పాడైందో చూడాలంటే కంపెనీ కంప్యూటర్ తగిలించాలి. అది ఉన్న చోటు హైదరాబాద్. వ్యాను మాట్లాడి భద్రాచలం, అక్కడి నుంచి హైదరాబాద్. చివరికి చూస్తే ఒక చిన్న సెన్సర్. అది బయటి దేశం నుంచి రావడానికి నలభై రోజులు పట్టింది.

మన ఆటోనగర్ గురించి ఈ ఊళ్లో గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. లారీ మొత్తం విప్పి మళ్లీ కట్టగలిగిన చేతులు అక్కడున్నాయి. అక్కడ ముప్పై ఏళ్లుగా తెలిసిన మేస్త్రి నా బండి చుట్టూ తిరిగి, “పాడైన ముక్క చూపించు అన్నా, చేసేస్తాను. చూడ్డానికే కంప్యూటర్ కావాలంటే నేనేం చెయ్యను” అన్నాడు. ఆయన ముఖంలో బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. పనిమంతుడి చేతికి పని అందకుండా చేసే యంత్రం నాకు నచ్చలేదు.

లడఖ్ మాట అడుగుతారని తెలుసు, అందుకే నేనే చెబుతాను. అక్కడి ఖర్దుంగ్ లా కనుమ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో దాదాపు సగమే. ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. కింద 24 హార్స్‌పవర్ ఇచ్చే బండి అక్కడ పదమూడు, పద్నాలుగు ఇస్తే గొప్ప. ఇద్దరు కూర్చుంటే మొదటి గేరులో మూలుగుతుంది. పెద్ద బండికి అక్కడ కూడా డెబ్బై, ఎనభై మిగులుతాయి. కాబట్టి ఎక్కడం దగ్గర పెద్ద బండిదే పైచేయి. అయితే మధ్యాహ్నం మంచు కరిగి వాగు పొంగిన చోట, నీళ్ల అడుగున గుండ్రాళ్ల మీద చక్రం జారినప్పుడు, ఆ ఎత్తులో, ఊపిరి ఆడని చోట ఆరు టిక్కీలు ఎత్తాలి. నేను ఎత్తాల్సి వచ్చింది. నలుగురు సాయం పట్టారు. ఎత్తాక పావుగంట రాయి మీద కూర్చుండిపోయాను, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది.

మీరు ఏ బండి కొన్నా ఇది నేర్చుకోండి, పడిన బండిని ఎత్తడం. నాకు నేర్పింది యార్డులో ఒక హమాలీ. నేను హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగి లాగుతున్నాను. అతను చూసి, “నడుం పోతది అయ్యా. టిక్కీ ఎట్టా లేపుతామో చూళ్లేదా? చేతుల్తో కాదు, తొడల్తో” అన్నాడు. ముందు ఇంజిన్ ఆపాలి. కుడి వైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచాలి, లేకపోతే లేపాక అటు పడుతుంది. హ్యాండిల్ పూర్తిగా ఒక వైపుకు తిప్పాలి. బండికి వీపు పెట్టి, సీటు అంచుకు పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక ఫ్రేమ్ పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బరువంతా తొడలు మోస్తాయి. పెట్టెలు తీసేసి ఎత్తండి. రెండుసార్లు ప్రయత్నించి లేవకపోతే ఆగండి, ఎవరైనా వచ్చేదాకా నీడన కూర్చోండి.

మరి పెద్ద బండి ఎవరు కొనాలి? ఎక్కువగా ఇద్దరు కలిసి, తారు రోడ్ల మీద, వారాల తరబడి తిరిగేవాళ్లు. కాలు పూర్తిగా నేలకు ఆనేవాళ్లు. సర్వీస్ సెంటర్ ఉన్న ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్లు కొంటే సంతోషపడతారు, నేను కూడా వాళ్లను చూసి సంతోషిస్తాను. ఒంటరిగా వెళ్లేవాళ్లు, ఊళ్లలోకి, అడవుల్లోకి, ఏటి ఒడ్డుకు దిగేవాళ్లు బరువు తక్కువ వైపు చూడండి. 452 సీసీ హిమాలయన్ 196 కిలోలు, 40 హార్స్‌పవర్, సీటు 825 మిల్లీమీటర్లు. ఆ మొదటి జీ/ఎస్ బరువు గుర్తుంది కదా, దాదాపు అదే. ఎక్స్‌పల్స్ 200 అయితే 160 కిలోల లోపే. హైవే మీద వంద దాటాక కష్టపడుతుంది, కానీ దాన్ని ఒక్కరే ఎత్తొచ్చు, ఏ ఊళ్లోనైనా బాగుచేయించొచ్చు. ప్రపంచంలో కంపెనీలు కూడా ఈ మాట అర్థం చేసుకుంటున్నాయి. యమహా టెనెరే 700 లాంటి బళ్లు రెండు వందల కిలోలకు కాస్త పైన ఆగాయి. 1250 నుంచి 1300కు వచ్చేసరికి జీఎస్ కూడా 249 నుంచి 237 కిలోలకు తగ్గింది. అది శుభవార్త.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: అన్నా, నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ లింక్ వేయించుకుంటే పెద్ద బండి నడపొచ్చా?

నడపొచ్చమ్మా. అయితే వెనక మాత్రమే దించితే ముందు ఎత్తు అలాగే ఉంటుంది, మలుపులో బండి స్వభావం మారుతుంది, సైడ్ స్టాండ్ కూడా పొడవైపోయి బండి నిటారుగా నిలబడుతుంది. ముందూ వెనకా రెండూ సమానంగా దించాలి, స్టాండ్ కుదించాలి. దానికన్నా ముందు ఒక పద్ధతి సాధన చెయ్యి. ఆగేటప్పుడు సీటు మీద ఒక పక్కకు జరిగి, ఎడమ కాలు పూర్తిగా ఆనించి, కుడి కాలు బ్రేకు మీద ఉంచు. రెండు మునివేళ్ల కన్నా ఒక నిండు పాదం మేలు. నెల రోజులు తేలికైన బండి మీద అది అలవాటయ్యాక పెద్దదాని మీద కూర్చుని చూడు. ఎత్తు తక్కువని ఎవరైనా నిరుత్సాహపరిస్తే వినకు.

ప్రశ్న: అమ్మేటప్పుడు ఎంత నష్టపోయారు?

కొన్న ఖర్చులో సగం కన్నా తక్కువే చేతికొచ్చింది. కొనేవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫోటో దిగి వెళ్లేవాళ్లే. చివరికి హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు గారు వచ్చి, భార్యతో కలిసి ఈశాన్య రాష్ట్రాలు తిరగాలని తీసుకున్నారు. మొన్న తవాంగ్ నుంచి ఫోటో పంపారు. బండి సరైన చోటికి చేరిందని తృప్తిగా ఉంది.

ప్రశ్న: ఇప్పుడు ఏం నడుపుతున్నారు? పాపికొండల దగ్గర ఆ ఊరికి వెళ్లారా?

ఇందాక చెప్పిన 196 కిలోల హిమాలయన్. వెళ్లాను, ఈ సంక్రాంతి తర్వాత. ఆ ఆరు కిలోమీటర్ల రాళ్లదారిలో రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ నేనే లేపుకున్నాను. ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద తాటాకు పందిరి కింద రాత్రి పడుకున్నాను. కింద గోదావరి చప్పుడు.

బండి బయట చెట్టు కింద ఉంది. పాత పరుపు ఒకటి తెప్పించాను. బండిని దాని మీద పడుకోబెడతాను, ఒక్కొక్కరూ వచ్చి ఎత్తి చూడండి. బూట్లు వేసుకున్నవాళ్లు ముందు రండి.